కొత్త పంపు కొనే ముందు ఒక బకెట్టు పట్టి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కాకినాడలో 34 అడుగుల పాత ఫైబర్ బోటు కొన్నావు. లోపల నీళ్ళతో చల్లబడే డీజిల్ ఇంజను, అడుగున చేరే నీళ్ళు తోడే 12 వోల్టుల బిల్జ్ పంపు ఉన్నాయి. జూన్‌లో వేట నిషేధం అయిపోయి బోటు దింపినప్పటి నుంచి నీకు ఒకటే టెన్షన్. పొద్దున్నే జెట్టీకి వెళ్తే అడుగున జానెడు నీళ్ళు, బ్యాటరీ డెడ్. పంపు మోగుతుంది కానీ బయట ధార సన్నగా పడుతుంది. ఇంజను చల్లబరిచే పంపులో ఇంపెల్లర్, అంటే లోపల తిరిగే రబ్బరు రెక్కల చక్రం, ఇప్పటికే మూడుసార్లు మార్చావు. ప్రొపెల్లరు షాఫ్టు బయటికి పోయే చోట నీళ్ళు ఆపే గ్లాండు దగ్గర చుక్కలు పడుతుంటే ఒకరు బిగించమన్నారు, ఇంకొకరు ముట్టుకోవద్దన్నారు. చివరికి "2000 జీపీహెచ్ పంపు తీసేసి 3700ది వేస్తే సరిపోతుందా?" అని అడిగావు.

సరిపోదు. ఇప్పుడే డబ్బు పెట్టకు. నేను విశాఖ ఫిషింగ్ హార్బరులో ఇరవై ఆరేళ్ళుగా ఇంజన్ల పనే చేస్తున్నాను, అంతకుముందు నాలుగేళ్ళు కళాసీగా వేటకి వెళ్ళాను. పెద్ద పంపు వేసి చిన్న లీకును మరిచిపోయిన బోట్లు చాలానే చూశాను. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నీ పంపు బాగానే ఉండొచ్చు. గోల అంతా దాని ముందూ వెనకా ఉంది.

మొదట ఒక పని చెయ్యి. 20 లీటర్ల బకెట్టు లేదా నూనె డబ్బా తీసుకో. బోటు అడుగున నీళ్ళు ఉన్నప్పుడు, లేకపోతే నాలుగు బిందెలు పోసి, పంపు నీళ్ళు బయటపడే చోట బకెట్టు పట్టు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎన్ని సెకన్లలో నిండిందో చూడు. 2000 జీపీహెచ్ అంటే గంటకు 2000 అమెరికన్ గ్యాలన్లు, మన లెక్కలో దాదాపు 7,570 లీటర్లు, నిమిషానికి 126. ఆ లెక్కన 20 లీటర్ల బకెట్టు తొమ్మిదిన్నర సెకన్లలో నిండాలి. నిండదులే. డబ్బా మీద రాసే ఆ అంకె పంపు నీళ్ళని కొంచెం కూడా పైకి ఎత్తనప్పుడు వచ్చేది. పైపు వేసి, నాలుగడుగులు పైకి ఎత్తించి, రెండు వంపులు తిప్పితే అందులో సగం వచ్చినా మంచి పంపు కిందే లెక్క. అంటే 20 సెకన్ల లోపు నిండితే పంపు గురించి ఆలోచించడం మానెయ్. 40 సెకన్లు పడితే ఎక్కడో ఏదో అడ్డుంది. నిమిషం దాటితే మన పంపు పాట పాడుతోంది తప్ప పని చెయ్యడం లేదు.

చాలామంది పంపు చప్పుడు విని నిశ్చింతగా ఉంటారు. బోటు నడిపే సరంగు క్యాబిన్‌లో కూర్చుని "ఆఁ, పంపు నడుస్తోంది" అంటాడు. బయట ధార ఎలా పడుతోందో వెళ్ళి చూసేవాడు ఉండడు. మోటారు తిరగడం వేరు, నీళ్ళు పోవడం వేరు.

బకెట్టు ఆలస్యంగా నిండితే వెతకాల్సిన మొదటి చోటు పంపు కింద జల్లెడ. పక్కనున్న మీటలు నొక్కి పంపు పైకి లేపితే బుట్ట కిందే ఉంటుంది. వేట బోటు కాబట్టి అందులో ఏముంటాయో నీకు నేను చెప్పక్కర్లేదు. చేప పొలుసులు, రొయ్య మీసాలు, వల కుట్టినప్పుడు తెగ్గోసిన నైలాన్ దారం ముక్కలు, ఐసు పెట్టె గోడల్లోంచి రాలిన థర్మోకోల్ గుళ్ళు, గుట్కా ప్యాకెట్లు. ఒక్క గుట్కా ప్యాకెట్టు అడ్డం పడితే చాలు, ఎంత పెద్ద పంపయినా గుటకలు మింగుతుంది. బుట్ట శుభ్రం చేసి ఊరుకోకు, లోపల తిరిగే చిన్న రెక్కల చుట్టూ దారం చుట్టుకుందేమో చూడు. చుట్టుకుంటే మోటారు వేడెక్కి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫ్యూజు పోతుంది. అప్పుడు మనవాళ్ళు ఫ్యూజు బదులు రాగి తీగ పెడతారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు. చుట్టూ డీజిల్, కింద ఫైబర్, నడిసంద్రం. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో పంపు మీద లేబుల్ చెబుతుంది, అదే వెయ్యి.

తర్వాత పైపు. పైపు లోపల గరుగ్గా, స్ప్రింగు చుట్టల్లా ఉండే రకం వేశారేమో చూడు. సెకండ్ హ్యాండ్ బోట్లలో ఎక్కువగా అదే ఉంటుంది, చవక కదా. లోపల నున్నగా ఉండే పైపు వేస్తే అదే పంపు ఎక్కువ నీళ్ళిస్తుంది. పంపు నోరు ఎంత సైజుంటే చివరి దాకా అదే సైజు ఉండాలి, మధ్యలో సన్నబడకూడదు. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పంపు దగ్గర నుంచి పైకి పోయేదాకా పైపు ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో ఒకచోట కిందికి వేలాడి మళ్ళీ లేచిందంటే ఆ వంపులో నీళ్ళు నిలిచి, పంపుకీ దానికీ మధ్య గాలి ఇరుక్కుంటుంది. ఈ రకం పంపు నీళ్ళని తోస్తుంది గానీ గాలిని తొయ్యలేదు. మోటారు హాయిగా తిరుగుతుంది, చుక్క రాదు. పైపు ఊడదీసి ఊదితే మళ్ళీ పనిచేస్తుంది, రేపు మళ్ళీ ఆగుతుంది. "నా పంపుకి దెయ్యం పట్టింది" అనేవాళ్ళలో సగం మంది బాధ ఇదే.

మూడోది వైరు. మల్టీమీటరు లేకపోతే ఒకటి కొనుక్కో, బోటు యజమానికి అది వలంత అవసరం. పంపు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడు, తర్వాత పంపు వైరు జాయింటు దగ్గర చూడు. అక్కడ 12.4 ఉండి ఇక్కడ 11.2 ఉంటే మిగతాది దారిలోనే పోతోంది. నీ పంపు 8 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. బ్యాటరీ నుంచి పంపుకి 4 మీటర్లు, తిరిగి 4 మీటర్లు. ఇంట్లో ఫ్యానుకి వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే ఆ దారిలోనే 1.1 వోల్టు పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పావు వోల్టుకి కాస్త ఎక్కువ పోతుంది, అంతే. వైరు మార్చేటప్పుడు చివర ఒలిచి చూడు. రాగి నల్లగా ఉందంటే ఉప్పు నీరు లోపలికి పాకిందన్నమాట. మెరిసే రాగి వచ్చేదాకా కోసుకుంటూ పో, రెండు మూడు అడుగులు పోయినా సరే. కళాయి పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే తీసుకో. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు అడుగు నీళ్ళలో వారం కూడా ఉండదు, పచ్చగా బూజు పట్టేస్తుంది. జాయింట్లన్నీ నీళ్ళు ఎప్పుడూ అందనంత పైకి తీసుకెళ్ళి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేసి, అది ముడుచుకునేదాకా వేడి చెయ్యి.

ఇక పొద్దున్నే బ్యాటరీ డెడ్ సంగతి. దీన్ని లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే లెక్కే దొంగని పట్టిస్తుంది. నీ బోటు గంటకు 10 లీటర్లు కారుతోందనుకో, అది తక్కువేమీ కాదు. రాత్రి పది గంటల్లో 100 లీటర్లు. పంపు సగం సామర్థ్యంతో నిమిషానికి 60 లీటర్లు తోడినా, మొత్తం మీద రెండు నిమిషాల పని. 8 ఆంపియర్ల చొప్పున రెండు నిమిషాలంటే ఆంపియర్ అవర్‌లో మూడో వంతు కూడా కాదు. దానికి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ చావదు. చచ్చిందంటే పంపు రెండు నిమిషాలు కాదు, గంటలు గంటలు తిరిగింది. ఎందుకు తిరిగింది?

ఒక కారణం ఫ్లోట్ స్విచ్, అంటే నీళ్ళు పెరిగితే తేలి పంపుని ఆన్ చేసేది, ఇరుక్కోవడం. కింద జిడ్డు పేరుకుని, లేదా పక్కన వైరు అడ్డం పడి, నీళ్ళు పోయినా ఫ్లోట్ కిందికి దిగదు. పంపు పొడిగా తిరుగుతూనే ఉంటుంది. వేలితో లేపి వదిలితే టక్కున పడాలి.

రెండో కారణం పైపులో నీళ్ళు వెనక్కి రావడం. పంపు ఆగగానే పైకెక్కుతున్న నీళ్ళన్నీ తిరిగి అడుగుకి పడతాయి. 28 మిల్లీమీటర్ల పైపు మూడు మీటర్లుంటే దాదాపు 1.8 లీటర్లు. బోటు అడుగు సన్నగా ఉంటుంది కదా, ఆ కాసిన్ని నీళ్ళకే ఫ్లోట్ లేస్తుంది, పంపు మొదలవుతుంది, తోడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పడతాయి. రాత్రంతా ఇదే ఆట. దీనికి పైపులో ఒకవైపు వాల్వు పెట్టమని అంగట్లో చెబుతారు. నేనైతే పెట్టను. ఆ వాల్వులో ఒక పొలుసు ఇరుక్కుంటే అసలు అవసరమైనప్పుడు నీళ్ళు పోవు. ఫ్లోట్‌ని రెండు వేళ్ళు పైకి బిగించు, పైపు పొట్టిగా చెయ్యి.

నీ బోటు విషయంలో నాకు ఎక్కువ అనుమానం మూడో కారణం మీదే. పంపు నీళ్ళు బయటికి పడే కన్నం ఎంత ఎత్తులో ఉంది? ఖాళీ బోటు మీద నిలబడి చూసి "నీటికి పైనే ఉంది" అనుకోకు. ఐసు, డీజిలు, వలలు, చేప ఎక్కాక బోటు దిగుతుంది. జెట్టీకి కట్టినప్పుడు పక్క బోటు ఆనుకుని ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ కన్నం నీళ్ళలో మునిగిందంటే పంపు ఆగగానే సముద్రం అదే పైపులోంచి లోపలికి జారుతుంది. పంపు తోడుతుంది, ఆగుతుంది, సముద్రం తిరిగి పంపుతుంది. బ్యాటరీ ఉన్నంతసేపు ఈ పోటీ నడుస్తుంది. బ్యాటరీ అయిపోయాక సముద్రం ఒక్కటే మిగులుతుంది. మా జెట్టీలో ఒక బోటు ఇలాగే తెల్లారేసరికి నీళ్ళలో కూర్చుంది. అడుగున కన్నం లేదు, పగులు లేదు. ఐసు ఎక్కించి కట్టారు, అంతే. ఆ కన్నం పూర్తి బరువు మీద నీటి మట్టానికి కనీసం అడుగు పైన ఉండాలి. అంత ఎత్తు దొరక్కపోతే పైపుని డెక్కు కిందదాకా పైకి తీసుకెళ్ళి, గుర్రపు నాడాలా వంచి కిందికి దించాలి, ఆ వంపు పైన గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాలి.

జానెడు నీళ్ళు ఎక్కడివో తేల్చాలి కదా. అడుగు మొత్తం తోడి, గుడ్డతో తుడిచి పొడి చెయ్యి. అనుమానం ఉన్న చోట్ల, అంటే సీకాకుల (బోటు గోడలో సముద్రపు నీళ్ళకి ఉండే కుళాయిల) చుట్టూ, గ్లాండు కింద, చుక్కాని షాఫ్టు దగ్గర కొంచెం ముగ్గు పిండి చల్లు. రెండు గంటలయ్యాక తడి గీత ఎక్కడ నుంచి మొదలైందో పిండి చూపిస్తుంది. ఇంకో పాత పద్ధతి కూడా ఉంది. డీజిలు జిడ్డు లేని చోట వేలు ముంచి నాలిక చివర అంటించి చూడు. ఉప్పగా ఉంటే సముద్రం. చప్పగా, నీచు వాసన వస్తే ఐసు పెట్టె నీళ్ళు. టన్ను ఐసు కరిగితే వెయ్యి లీటర్ల నీళ్ళు, అది ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా. చేపల గది నీళ్ళు నేరుగా ఇంజను అడుగుకి వదిలే ఏర్పాటు ఉంటే మార్పించు, ఆ జిగటే ఫ్లోట్‌కీ జల్లెడకీ శత్రువు.

చేపల గది మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నిషేధం రెండు నెలలూ మూసి ఉంచిన గదిలోకి, లేదా కుళ్ళిన నీళ్ళు నిలిచిన గదిలోకి పంపు చూద్దామని ఒక్కసారిగా దిగకు. కుళ్ళు వల్ల లోపల ఆక్సిజన్ తగ్గిపోతుంది, కోడిగుడ్డు కుళ్ళిన వాసన వచ్చే విషవాయువు చేరుతుంది. ఎక్కువైతే ఆ వాయువు ముక్కుని మొద్దుబారుస్తుంది, వాసన కూడా తెలియదు. ఒకడు పడిపోతే కాపాడటానికి దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు. మూతలన్నీ తీసి, గాలి బాగా ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టి దిగాలి. అలాగే పెట్రోలు పంపుసెట్టుని గదిలోకి దించి నడపొద్దు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. జెట్టీ నుంచి ఇంటి కరెంటు లాగి మోనోబ్లాక్ పంపు దించి, అదే నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడటం మన దగ్గర మామూలైపోయింది. అది కూడా వద్దు.

సరే, ఇంపెల్లర్. మూడు నెలల్లో మూడు పోయాయంటే తప్పు ఇంపెల్లర్‌ది కాదు. ఈ పంపులో రబ్బరు రెక్కలు వంగి లేస్తూ నీళ్ళని తోస్తాయి. ఆ రెక్కలకీ ఇత్తడి గోడకీ మధ్య నూనె ఏమీ లేదు, నీళ్ళే నూనె. నీళ్ళు లేకుండా తిరిగితే అర నిమిషం, మహా అయితే నిమిషం. రబ్బరు కాలి, రెక్కలు మొదట్లో తెగుతాయి. తీసిన ఇంపెల్లర్‌ని పారెయ్యకుండా దాచావా? దాని మీద కథంతా రాసి ఉంటుంది. రెక్కల అంచులు కాలి నిగనిగలాడుతుంటే పొడిగా తిరిగింది. అంచులు అరిగి గీతలు పడితే ఇసుక తిన్నది. ఉబ్బి మెత్తబడితే నూనె గాని డీజిలు గాని తగిలింది. అన్ని రెక్కలూ ఒకే పక్కకి శాశ్వతంగా వంగిపోయి ఉంటే ముసలిది, లేదా నెలల తరబడి కదలకుండా ఉంది.

పొడిగా తిరగడానికి సీకాకు తెరవడం మరిచిపోవడమే ఎక్కువ సార్లు కారణం. నేనైతే ఇంజను తాళం చెవిని సీకాకు హ్యాండిల్‌కే తగిలిస్తాను. తాళం కావాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే. ఆ తర్వాత సముద్రపు నీళ్ళ స్ట్రెయినర్, అంటే జల్లెడ డబ్బా, మూత. మూత కింద రబ్బరు రింగు ఎండిపోయి చీలితే బయటికి చుక్క కారదు, ఎందుకంటే అది పీల్చే వైపు. లోపలికి గాలి లాగుతుంది, నీళ్ళు తగ్గుతాయి, నువ్వు కారణం వెతుకుతూ ఉంటావు. మూత అద్దంది అయితే ఇంజను నడుస్తున్నప్పుడు లోపల బుడగలు తిరుగుతాయి, చూడు. పీల్చే వైపు క్లిప్పులన్నీ రెండేసి వెయ్యి.

ఇసుక సంగతి నీ ఊరికి బాగా వర్తిస్తుంది. భైరవపాలెం మొగ వైపు, అంటే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి, పోతావని రాశావు. మొగ దాటేటప్పుడు పాటు మీద నీళ్ళు తక్కువై, ప్రొపెల్లరు లేపిన ఇసుకనీ బురదనీ అదే పంపు పీలుస్తుంది. బోటు మేట మీద కూర్చుంటే ఇంజను రేసు చేసి లాగాలని చూస్తారు, ఆ పది నిమిషాల్లో ఇంపెల్లర్ సగం ఆయుష్షు పోతుంది. పోటు వచ్చేదాకా ఆగి దాటడం చవక. దాటాక స్ట్రెయినర్ ఒకసారి తెరిచి చూడు.

పంపు మూత పలక విప్పినప్పుడు లోపలి ముఖం మీద వేలు రాయి. గుండ్రంగా గాడి తగిలితే ఎన్ని కొత్త ఇంపెల్లర్లు వేసినా నీళ్ళు తక్కువే వస్తాయి, పక్క నుంచి జారిపోతాయి. రెండో వైపు నున్నగా ఉంటే పలక తిప్పి బిగించు, లేకపోతే కొత్తది. బహుశా నువ్వు మూడుసార్లూ ఇంపెల్లరే మార్చి పలక చూడలేదు.

తెగిన రెక్కలు ఏమయ్యాయి? ఇది ఎవరూ అడగరు. పాత ఇంపెల్లర్ ముక్కలు టేబులు మీద పేర్చి చూడు, ఎన్ని రెక్కలు తక్కువో లెక్కపెట్టు. అవి మాయం కాలేదు, నీళ్ళతో పాటు ముందుకి పోయి ఇంజను వేడిని సముద్రపు నీళ్ళకి దించే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మూతుల దగ్గర పేరుకుని ఉంటాయి. ఒకసారి ఒక బోటు నా దగ్గరికి వచ్చింది. ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాటు మార్చారు, రేడియేటరు కూలెంటు మార్చారు, చివరికి హెడ్డు కూడా విప్పారు. నేను ఎక్స్‌ఛేంజర్ చివరి మూత తీస్తే ఏడు రబ్బరు ముక్కలు, ఒక సముద్రపు గుల్ల, వాటి మీద వలలా అల్లుకున్న నాచు. ఇరవై నిమిషాల పని. నీ ఇంపెల్లర్లు మూడు పోయాయి, కాబట్టి నువ్వు కూడా ఆ మూత తియ్యక తప్పదు.

కొత్తది వేసేటప్పుడు సీకాకు ముయ్యి. మూత పలక కింది స్క్రూలు ముందు వదులు చెయ్యి, కింద గిన్నె పెట్టు, ఒక స్క్రూ బిల్జ్‌లో పడితే రోజు పోతుంది. పాతదాన్ని స్క్రూడ్రైవరుతో అంచు మీద ఆనించి పీకకు, ఇత్తడి మీద పడ్డ ప్రతి గీత తర్వాత లీకే. నోస్ ప్లయరుతో మధ్య భాగం పట్టుకుని లాగు. కొత్త రెక్కలకి గ్లిజరిన్ రాయి, మందుల షాపులో దొరుకుతుంది. లేకపోతే అంట్లు తోమే లిక్విడ్ కూడా సరే. గ్రీజు, ఇంజను ఆయిలు వద్దు, మామూలు నియోప్రీన్ రబ్బరు వాటికి ఉబ్బుతుంది. పంపు తిరిగే దిక్కులో మెలి పెడుతూ లోపలికి తొయ్యి, రెక్కలన్నీ ఒకే వైపు వాలాలి. కొత్త గాస్కెట్టు వేసి స్క్రూలు ఎదురెదురుగా బిగించు. సీకాకు తెరిచి స్టార్టు చేసి, నీళ్ళు బయటపడే చోట కళ్ళు పెట్టు. అర నిమిషంలో రాకపోతే ఆపెయ్.

ఆ పంపు కింద వైపు చిన్న కన్నం ఉంటుంది, బేరింగుకీ సీలుకీ మధ్య. అక్కడ నుంచి నీళ్ళు కారుతున్నాయంటే సీలు పోయిందని పంపు నీకు చెబుతోంది. ఒక పెద్దాయన ఆ కన్నానికి ఎంసీల్ పెట్టి మూసేశాడు, "లీకు ఆగింది" అని సంతోషించాడు కూడా. అది గేరు మీద తిరిగే పంపు. రెండు వారాలకి ఇంజను ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులోకి వచ్చింది. సీలు ఖర్చు ఎక్కడ, క్రాంకు బేరింగుల ఖర్చు ఎక్కడ. పంపు బెల్టు మీద తిరిగేదైతే మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు, పది మిల్లీమీటర్ల దాకా లోపలికి పోవాలి. మరీ బిగిస్తే ఆ బేరింగే ముందు పోతుంది.

గ్లాండు విషయంలో నీకు చెప్పిన ఇద్దరిలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు. తాడులాంటి ప్యాకింగు ఉన్న గ్లాండు షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి, ఆ నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. నిమిషానికి పది చుక్కలంటే సుమారు అర మిల్లీలీటరు, రోజంతా కారినా ముప్పావు లీటరు రాదు. నీ జానెడు నీళ్ళు దాని పని కాదు. ఇంజను ఆపాక కూడా ధారగా కారితేనే బిగించు. రెండు నట్లనీ సమానంగా, ఒక్కోసారి నట్టు ఒక్క ముఖం మేర మాత్రమే తిప్పి బిగించి, బోటు నడిపి చేత్తో ముట్టుకో. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే మరీ బిగించావు, షాఫ్టు మీద గాడి పడుతుంది. నట్లు చివరికి వచ్చేశాయంటే ప్యాకింగు అయిపోయింది. కొత్త రింగులు వేసేటప్పుడు అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా తిప్పి వెయ్యి.

ఇప్పుడు నువ్వు అడిగిన 3700 పంపు దగ్గరికి వద్దాం. ఒకటిన్నర అంగుళం సీకాకు పైపు ఊడిపోయిందనుకో, అది నీటి మట్టానికి అర మీటరు కిందుంది. లోపలికి వచ్చేది గంటకు సుమారు 7,500 లీటర్లు. నీ 2000 పంపు డబ్బా మీద అంకె కూడా అంతే, నిజంగా తోడేది అందులో సగం. 3700ది వేసినా ఏదో విధంగా నెగ్గుకొస్తుంది తప్ప నిశ్చింత ఉండదు, అది కూడా బ్యాటరీ ఉన్నంతసేపే. బ్యాటరీ సాధారణంగా ఇంజను గదిలో కింద పెడతారు, నీళ్ళు అక్కడికే ముందు చేరతాయి. అందుకే పెద్ద పంపు ఒకటి కంటే చిన్నవి రెండు మంచివి. ఒకటి అడుగున ఫ్లోట్ మీద, రెండోది జానెడు పైన విడి వైరుతో, విడి స్విచ్‌తో పెట్టు. రెండోది మోగిందంటే ఏదో జరిగిందని సరంగుకి తెలియాలి, దానికి ఒక బజర్ తగిలించు. ఫ్లోట్ వైరు మెయిన్ స్విచ్ మీదుగా కాక ఫ్యూజు గుండా నేరుగా బ్యాటరీకి వెళ్ళాలి, లేకపోతే రాత్రి మెయిన్ ఆపిపోయినప్పుడు పంపు కూడా ఆగిపోతుంది. స్టార్టింగుకి ఒక బ్యాటరీ విడిగా ఉంచుకో. బ్యాటరీని ఎత్తు మీద కట్టు.

కరెంటు లేకుండా నడిచేది ఒకటైనా ఉండాలి. చేతి పంపు ఉంటే మంచిది, దాని రబ్బరు పొర, రెండు వాల్వులు నిషేధంలో ఒకసారి విప్పి చూడు. రెండు గట్టి బకెట్లు, తాడు కట్టినవి, ఎలాగూ ఉండాలి. ప్రతి సీకాకు పక్కన దానికి సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచు. చీకట్లో, మోకాలి లోతు నీళ్ళలో వెతకడం కుదరదు. నీళ్ళు అకస్మాత్తుగా పెరిగితే అందరూ తోడటం మొదలుపెడతారు, అది సహజం. ఇద్దరు తోడండి, ఒకడు మాత్రం కన్నం వెతకాలి. లైఫ్ జాకెట్లు వేసుకుని, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ మీద పిలవండి, ఫోను అందితే కోస్ట్ గార్డ్ 1554. బోటు సగం మునిగాక చేసే కాల్ కంటే "బహుశా అవసరం ఉండదేమో" అనుకుంటూ చేసే కాల్ మంచిది. అడుగున నీళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే బోటు మునగకముందే ఒరిగి తిరగబడొచ్చు, ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకి పైనే బరువు. ఆ సమయంలో చేప, ఐసు పారబోయడానికి వెనకాడకు.

బిల్జ్‌లో నూనె తేలుతుంటే పంపు వెయ్యకు. ముందు పాత దుప్పటి ముక్కతో అద్ది తియ్యి. సముద్రం మీద తెట్టు కట్టడం ఒక తప్పు, డీజిలు ఫ్లోట్ రబ్బరునీ పైపునీ తినడం ఇంకో నష్టం. డిటర్జెంట్ పోసి కలిపి తోడితే నూనె కనపడదు గానీ పోదు.

మిగతా పనంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మనకి ఎలాగూ దొరికే 61 రోజుల్లో చెయ్యొచ్చు. బోటు ఒడ్డెక్కించగానే మంచినీళ్ళు లాగించి ఇంజను చుట్టూ ఉప్పు కడిగెయ్, ఇంపెల్లర్ తీసి రెక్కలు ఒత్తుకోకుండా డబ్బాలో పెట్టు. "ఇంపెల్లర్ లేదు" అని అట్ట ముక్క మీద రాసి తాళం చెవికి కట్టు. అది కట్టక జూన్ 15 తెల్లవారుజామున ఉత్సాహంగా స్టార్టు చేసి ఇంజను కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. సీకాకులు విప్పి గ్రీజు పెట్టు. ఇత్తడి ఫిట్టింగుని చాకుతో గీకి చూస్తే లోపల పసుపు బదులు గులాబి రంగు కనిపిస్తే అందులో జింకు కరిగిపోయింది. అది ఎప్పుడైనా పెంకులా విరుగుతుంది, గన్‌మెటల్‌ది వేయించు.

రేపు ఆదివారం కదా, బోటు ఎలాగూ కట్టే ఉంటుంది. బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో, పంపు నడిచేటప్పుడు రెండు చోట్లా వోల్టేజి ఎంతో, నీళ్ళు పడే కన్నం ఐసు ఎక్కించాక నీటికి ఎంత పైనుందో చూసి ఆ నాలుగు అంకెలు రాయి. పాత ఇంపెల్లర్లు పారెయ్యకపోతే వాటి ఫోటో కూడా పెట్టు. ఆ తర్వాత ఏం కొనాలో చెబుతాను, బహుశా ఆరు మీటర్ల నున్నటి పైపు, ఎనిమిది క్లిప్పులతో అయిపోతుంది.